తుమ్మలకోటకు దిగివచ్చిన కిరీటం

యంత్రం వస్తుందని తుమ్మలకోట మునిసిపాలిటీ చెప్పింది. వచ్చింది పెట్టె.

అదీ పెద్ద పెట్టె కాదు, పెళ్ళికూతురి నగల పెట్టె అంత ఉంటుంది. చైర్మన్ పుల్లేశ్వరరావు గారు దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని కారు దిగారు. వెనక కమిషనర్ విద్యాధరరావు గారు, ఇంకా విమానం దిగనట్టున్న మొహంతో. గేటు దగ్గర చీపురు పక్కన పెట్టి నిలబడ్డ కరుణమ్మ పెట్టెను చూసింది, కారును చూసింది, కారు వెనక లారీ ఏదైనా వస్తోందేమోనని రోడ్డు చివరిదాకా చూసింది. ఏ లారీ రాలేదు.

"మిషనేదయ్యా?" అని పక్కనే ఉన్న శానిటరీ ఇన్‌స్పెక్టర్ భూషయ్యను అడిగింది.

"అందులోనే ఉండుద్దిలే అమ్మా. ఫారిన్‌ది గదా, మడిస్తే చిన్నదవుద్ది," అన్నాడు భూషయ్య. పైవాళ్ళు ఏం తెచ్చినా అందులో ఏదో ఉండే ఉంటుందని నమ్మబట్టే ఆయన ఇన్నేళ్ళు ఉద్యోగం చేయగలిగాడు.

కరుణమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. మురుగు తీసే యంత్రం కోసం ఆమె ఎదురుచూపు ఇవాళ్టిది కాదు. ఆమె అన్న దావీదు మార్కెట్ సెంటర్లో మ్యాన్‌హోల్‌లోకి దిగి, ఊపిరాడక అందులోనే పోయాడు. ఇప్పుడు అదే గుంటలోకి ఆమె మొగుడు ఏసోబు దిగుతున్నాడు. నడుముకు తాడు, మోకాళ్ళపైకి ఎగ్గట్టిన లుంగీ, అంతే సరంజామా. అతను దిగిన ప్రతిసారీ కరుణమ్మ గట్టుమీద తాడు పట్టుకుని కూర్చుంటుంది. తాడు కదిలితే ఊపిరి పీల్చుకుంటుంది, కదలకపోతే తిట్టడం మొదలుపెడుతుంది. ఆ తిట్లు వినపడితే లోపలినుంచి ఏసోబు నవ్వుతాడు. ఆ నవ్వు వినడానికే ఆమె తిడుతుంది.

మనిషిని మురుగులోకి దింపడం నేరమని చట్టం ఉంది. అంచేత తుమ్మలకోట మునిసిపాలిటీ ఎవర్నీ దింపదు. ఆఫీసు మాటల్లో ఏసోబు చేసేది "క్షేత్రస్థాయి పరిశీలన". దావీదు కూడా పరిశీలిస్తూనే పోయాడు. ఆ చావు పేపర్లకెక్కి, పైనుంచి అక్షింతలు పడితే, మురుగు యంత్రాలు చూసి రావడానికి చైర్మన్ గారూ కమిషనర్ గారూ విదేశీ యాత్రకు బయల్దేరారు. పక్క పురపాలక సంఘాలవాళ్ళు అప్పటికే జపాన్, జర్మనీ చూసేసి ఉండటంతో వీరి వాటాకు రుమేనియా మిగిలింది.

అక్కడ యంత్రాల కార్ఖానాకు వెళ్ళాల్సిన రోజున వాన పడిందట. తలదాచుకోవడానికి ఇద్దరూ ఒక మ్యూజియంలో దూరారట. ఆ మ్యూజియంలో రుమేనియా రాజులు ఒకప్పుడు ఇచ్చిన బిరుదులూ పతకాలూ అద్దాల బీరువాల్లో వరసగా పెట్టి ఉన్నాయట. వాన వెలిసింది గానీ వాళ్ళు బయటికి రాలేదు. మర్నాడూ అక్కడికే వెళ్ళారు. యంత్రం సంగతి ఎవరికీ గుర్తు లేదు.

సాయంత్రం అత్యవసర కౌన్సిల్ సమావేశంలో పెట్టె మూత తీశారు. మంచినీళ్ళు అందించే పని తనే అడిగి తీసుకుని కరుణమ్మ కూడా లోపలికి వెళ్ళింది. మఖమలు గుడ్డమీద ఎర్రటి శిలువ, దాని నడుమ చిన్న కిరీటం, పైన వెండి చారల నీలం రిబ్బను. అసలుది కాదు, మ్యూజియం బయట దుకాణంలో కొన్న నమూనా.

"సభ్యులారా!" అన్నారు చైర్మన్. "ఇది రుమేనియా కిరీట పురస్కారం. ఇందులో అయిదు తరగతులున్నాయి. అన్నిటికీ అడుగున నైట్, అంటే రాజుగారి వీరుడు. ఆ పైన ఆఫీసర్, కమాండర్, గ్రాండ్ ఆఫీసర్, అన్నిటికీ పైన గ్రాండ్ క్రాస్. యుద్ధవీరుడికైతే పతకానికి రెండు కత్తులు అడ్డంగా తగిలిస్తారు. ఆ రాజు బంగారం కిరీటం పెట్టుకోలేదయ్యా! శత్రువు దగ్గర పట్టుకున్న ఫిరంగిని కరిగించి ఉక్కు కిరీటం చేయించుకున్నాడు. అదీ పౌరుషమంటే! మన ఊళ్ళో పౌరుషం ఎందుకు లేదు? పతకాలు లేక!"

వెనక వరసలోంచి ఒక కౌన్సిలర్ లేచాడు. "ఆ రాజుగారు ఇప్పుడున్నారా అండీ?"

"ఎక్కడ! నలభై ఏడులోనే దించేశారు."

"మరి లేని రాజు పతకాలు మనం ఇవ్వచ్చాండీ?"

కమిషనర్ కళ్ళజోడు సవరించుకున్నారు. "సభ్యులు మంచి ప్రశ్న వేశారు. ఉన్న ప్రభుత్వం పతకాలను అనుకరిస్తే చట్టపరమైన చిక్కులు ఉత్పన్నమవుతాయి. రద్దయిన రాజ్యానివైతే అభ్యంతరం చెప్పే అధికార యంత్రాంగమే లేదు. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా లేని రాజే మనకు శ్రేయస్కరం."

బల్లలు చరిచారు. తీర్మానం నెగ్గింది. కరుణమ్మ ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ చైర్మన్ కుర్చీ దగ్గర ఆగింది. "అయ్యా, మరి మురుగు మిషను..."

"అదేనమ్మా చెప్తున్నా! యంత్రం ఇనప ముక్క. ఇవాళ ఉంటుంది, రేపు తుప్పు పడుతుంది. గౌరవం తుప్పు పట్టదు," అన్నారు చైర్మన్.

పతకాలు ఊళ్ళోనే పోత పోయించారు. రాజుగారి సంప్రదాయం ప్రకారం ఫిరంగి ఉక్కు కావాలి. తుమ్మలకోటలో ఫిరంగి లేదు గనక చేతిపంపులు కరిగించారు. పాడైపోయినవి చాలకపోతే పనిచేస్తున్నవి కూడా పీకించారు. పంపు పోయిన వీధుల వాళ్ళు బిందెలతో ఆఫీసు మీదికి వస్తే, మీ పంపు త్వరలో ఫలానా కమాండరు గారి ఛాతీ మీదికెక్కుతుందని సగౌరవంగా తెలియజేశారు.

మొదటి ప్రదానోత్సవం మునిసిపల్ కల్యాణ మండపంలో జరిగింది. చైర్మన్ గ్రాండ్ క్రాస్ తనకు తానే ఇచ్చుకున్నారు. రాజు లేనప్పుడు ఆయన స్థానంలో ఎవరో ఒకరు నిలబడాలి గదా, నిలబడ్డారు. భుజం మీంచి నడుముదాకా అడ్డంగా పెద్ద నీలం పట్టీ, రొమ్మున పళ్ళెమంత నక్షత్రం. కమిషనర్ గ్రాండ్ ఆఫీసర్. కౌన్సిలర్లు కమాండర్లు. భూషయ్య ఆఫీసర్. గుమాస్తాలు, బిల్లు కలెక్టర్లు, డ్రైవర్లు, తోటమాలులు నైట్లు. పర్మినెంటు వాళ్ళకిచ్చి కాంట్రాక్టు వాళ్ళకివ్వరా అని యూనియన్ ఒంటికాలి మీద లేచింది. వాళ్ళకీ ఇచ్చారు. మహిళల వాటాలో కరుణమ్మకు నైట్ పతకం వచ్చింది. చీరకు గుచ్చుతుంటే, చిరుగుద్దేమో చూసి గుచ్చండయ్యా అంది.

ఆ వేళ మండపం పక్కన కాలవ పొంగి కంపు కొడుతోంది. అతిథులకు కంపు తగలకుండా అది తీయాలి. ఏసోబు అందులో ఉన్నాడు. కాంట్రాక్టు వాళ్ళ పేర్లు పిలిచినప్పుడు ఏసోబు పేరు కూడా పిలిచారు. అతను రాలేదు. పిలిచినా రాకపోవడం పురస్కారాన్ని తిరస్కరించడమేనని కమిషనర్ వేదిక మీదే తేల్చేశారు. అలా తుమ్మలకోట మునిసిపాలిటీ మొత్తానికి పతకం లేనివాడు ఏసోబు ఒక్కడే మిగిలాడు.

"పోనీలేవే, దాన్ని ఎక్కడ పెట్టుకుంటా? లుంగీకా?" అని నవ్వాడతను ఇంటికొచ్చి. కరుణమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు వారం కూడా నిలవలేదు.

ఆ తర్వాత కళ్ళు నెత్తికెక్కాయి. ఎక్కినవి పెట్టుకున్నవాళ్ళవో పతకానివో చెప్పడం కష్టం. కుళాయిలో నీళ్ళు రావడం లేదని చెప్పుకోవడానికి వచ్చినవాడు ముందు వాకిట్లో నైట్‌కు దండం పెట్టాలి, అతను ఆఫీసర్‌కు, ఆఫీసర్ కమాండర్‌కు విన్నవిస్తాడు. తక్కువ తరగతివాడు ఎక్కువ తరగతివాడి ముందు పిలవకుండా నోరు తెరవకూడదు. అందువల్ల నీళ్ళ ట్యాంకు పొర్లిపోతున్న సంగతి చూసిన నైట్ చేతులు కట్టుకుని పిలుపు కోసం చూస్తూ నిలబడ్డాడు. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యాక పిలుపు వచ్చింది.

దోమల పొగ కొట్టేవాడికి కత్తుల పతకం ఇచ్చారు, అతను చేసేది యుద్ధమే గనక. యుద్ధవీరుడు యుద్ధం ప్రకటించకుండా ఆయుధం ఎత్తితే అప్రతిష్ఠ అని అతను మిషను దించేశాడు. కౌన్సిల్ సమావేశమై దోమల మీద యుద్ధం ప్రకటించింది. ప్రకటన ప్రతిని శత్రుపక్షానికి అందజేయడం ఎలా అన్నదాని మీద ఉపసంఘం వేశారు. ఉపసంఘంలో ముగ్గురికి జ్వరాలొచ్చాయి.

ఇవన్నీ ఊరు భరించింది. ఊళ్ళు ఏదైనా భరిస్తాయి. కరుణమ్మ పీకల మీదికొచ్చింది మాత్రం కమిషనర్ గారు విడుదల చేసిన మర్యాదల ఉత్తర్వుతో. అందులో మొదటి వాక్యం: పతకధారి విధి నిర్వహణలో పతకం ధరించి తీరవలెను. రెండో వాక్యం: పతకం ధరించినవాడు మురికిని తాకరాదు, మురికిలో అడుగుపెట్టరాదు. ఆ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చదివిన పారిశుద్ధ్య సిబ్బంది ఆ మధ్యాహ్నమే చీపుర్లు గోడకు ఆనించారు. ఇన్నాళ్ళూ తట్టలు మోసి విరిగిన నడుములు, వాళ్ళను తప్పుపట్టడానికి ఎవరికి నోరొస్తుంది? చెత్త కుప్పలైంది. కుప్పలమీద ఫిర్యాదులు వస్తే కమిషనర్ ఉత్తర్వుకు వివరణ జోడించారు: పతకధారి నిలిచిన తావున మురికి లేనట్టే పరిగణించవలెను. ప్రతి చెత్తకుప్ప పక్కనా ఒక నైట్‌ను నిలబెట్టారు. ఊరు కాగితం మీద అద్దంలా మెరిసిపోయింది.

ఇక మురికి ముట్టుకోగలిగే మనిషి, రూలు ప్రకారం, ఊరంతటికీ ఒక్కడే. భూషయ్య రోజూ పొద్దున్నే ఇంటిముందుకొచ్చి పిలవడం మొదలుపెట్టాడు. నిన్న బస్టాండు గుంట, ఇవాళ కోర్టు గుంట. ఏసోబు కళ్ళు ఎర్రబడ్డాయి, దగ్గు పట్టుకుంది, అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకుని కంపు గుర్తొచ్చి దించేస్తున్నాడు. కరుణమ్మ తాడు పట్టుకుని తిడుతున్నా లోపలినుంచి నవ్వు రావడం మానేసింది. దావీదు ఆఖరి రోజుల్లో ఇట్లాగే దగ్గేవాడు. ఆమెకు భయం వేసింది.

అప్పుడామెకు ఒక దారి తోచింది. తిన్నగా కమిషనర్ గదికి వెళ్ళింది. నైట్‌కు గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా దాకా ప్రవేశముంది. అక్కడ ఆగింది.

"సారూ, మా ఆయనకి కూడా ఒక పతకం ఇప్పియ్యండి."

కమిషనర్ ముచ్చటపడ్డారు. "చూశావా, కింది వర్గాల్లో సైతం కీర్తికాంక్ష అంకురించింది! మంచిదమ్మా."

"కాంక్షా గీంక్షా కాదు సారూ. అది రొమ్మున ఉంటే గుంటలో దింపరు గదా, అందుకని."

ఆయన మొహం చిన్నబోయింది. "నువ్వు పురస్కారాన్ని గొడుగనుకుంటున్నావు. ఇది గౌరవం. గౌరవానికీ ప్రాణానికీ సంబంధం లేదు. పైగా నైట్ల సంఖ్య పరిమితం. ఒకరు పోతే తప్ప ఒకరికి చోటు రాదు."

"అయితే నాది తీసి ఆయనకియ్యండి. నేను ఉత్త పైటతోనే ఊడుస్తా."

"భార్య పతకం భర్తకు బదలాయించరాదు. అది రాజద్రోహం కింద పరిగణించబడుతుంది."

"ఏ రాజుకి సారూ?"

కమిషనర్ గోడమీద కొత్తగా తగిలించిన గడ్డం రాజు బొమ్మ వైపు చూశారు. ఆయన గొంతు తగ్గించారు. "చూడు, మనసులో మాట చెబుతున్నాను. అందరికీ పతకాలుంటే పనెవరు చేస్తారమ్మా? ఒక్కడైనా ఉత్త మనిషిగా ఉండాలి గదా."

"పనిచేసేవాడికే గదా సారూ పతకం ఇచ్చేది?"

కమిషనర్ నిబంధనావళి తిరగేశారు. ఆయన మనసున్న మనిషి కావడం చేత ఆమెను ఉత్తచేతులతో పంపదలచుకోలేదు. "ఒక వెసులుబాటు ఉంది. మరణానంతర పురస్కారానికి సంఖ్యా పరిమితి లేదు. విధి నిర్వహణలో ఏదైనా జరిగితే మీ ఆయన ఏకంగా కత్తులతో కమాండర్ అవుతాడు. చైర్మన్ గారు స్వయంగా మీ ఇంటికొచ్చి దండ వేస్తారు. ఆ విషయంలో నువ్వు నిశ్చింతగా ఉండు."

కరుణమ్మ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. ఎగతాళి ఎక్కడా లేదు. ఆ మనిషి నిజంగానే ఆమెకు మేలు చేస్తున్నాననుకుంటున్నాడు. అది చూశాక ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

రెండో ప్రదానోత్సవానికి మంత్రిగారు వస్తున్నారన్నారు. ఆయనకూ గ్రాండ్ క్రాస్. సరిగ్గా ఆ పొద్దుటే వాన దంచింది. మార్కెట్ సెంటర్లో పెద్ద మ్యాన్‌హోల్ పూడుకుపోయి, మురుగు మునిసిపల్ ఆఫీసు మెట్లదాకా ఎగదన్నింది. రెడ్ కార్పెట్ అంచు నల్లబడింది. దావీదును మింగిన గుంట అదే.

"ఏసోబూ! తొందరగా రావయ్యా, మంత్రిగారు బయల్దేరారంట!" అని భూషయ్య పరుగున వచ్చాడు. ఏసోబు దగ్గుతూనే తాడు భుజాన వేసుకుని లేచాడు.

"నువ్వు దిగితే నా మీద ఒట్టే," అంది కరుణమ్మ.

"దిగకపోతే పనిలోంచి తీసేస్తారే."

"తియ్యనీ."

ఆమె అతనికంటే ముందు నడిచింది. సెంటర్లోకి వెళ్ళి, మురుగులో కాళ్ళు కడుక్కుంటున్నట్టు నడిచిపోయి, మ్యాన్‌హోల్ మూతమీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది. పైట మీద నైట్ పతకం వేలాడుతోంది.

చైర్మన్ గారు మెట్లమీంచి కేక పెట్టారు. "ఎవరక్కడ! ఆమెను లేపండి!"

లేపడానికి నలుగురు ముందుకొచ్చారు. నలుగురూ పతకధారులు. మురుగు అంచున ఆగిపోయారు.

"మురికిలో అడుగు పెట్టకూడదు గదా సార్," అన్నాడు ఒకడు.

"ఆమె కూర్చుంది గదరా!"

"నేను కూర్చున్న చోట మురికి లేదయ్యా," అంది కరుణమ్మ. "పతకమున్నోళ్ళు ఉన్నచోట మురికి లేనట్టేనని సారే ఆర్డరిచ్చారు. మురికే లేనప్పుడు మా ఆయన ఎందుకు దిగాల?"

చైర్మన్ కమిషనర్ వైపు తిరిగారు. కమిషనర్ నీళ్ళు నమిలారు. "సాంకేతికంగా ఆమె వాదన సమంజసమే సార్."

"అయితే ఏసోబునే వెళ్ళి లేపమనండి, వాడికి పతకం లేదు గదా!"

"పతకం లేనివాడు పతకధారి మీద చెయ్యి వేయరాదు సార్. మొగుడైనా సరే. పన్నెండో నిబంధన తమరే పెట్టించారు."

మురుగు ఒక మెట్టు ఎక్కింది. చైర్మన్ ఒక మెట్టు ఎక్కారు. మురుగు ఇంకో మెట్టు ఎక్కింది. మంత్రిగారి కాన్వాయ్ గంటలో వచ్చేస్తుందని కబురు అందేసరికి పుల్లేశ్వరరావు గారి గ్రాండ్ క్రాస్ చెమటకు ఛాతీకి అతుక్కుపోయింది. "ఏదో ఒకటి చెయ్యండయ్యా!" అని అరిచారు. కమిషనర్ ఫోను తీసి ఎవరితోనో గొణిగారు.

అరగంట గడవకుండానే పక్క ఊరి మునిసిపాలిటీ నుంచి పసుపుపచ్చ లారీ ఒకటి వచ్చింది. వెనక పెద్ద ట్యాంకు, దానికి ఏనుగు తొండమంత పైపు. కరుణమ్మ మూత మీంచి లేచి పక్కకు జరిగింది. డ్రైవరు ఇనప కొక్కెంతో మూత లేపి, పైపు గుంటలోకి దించి, మిషను ఆన్ చేసి, బీడీ వెలిగించుకున్నాడు. మురుగు గుటకలు వేస్తూ లోపలికి పోయింది. బీడీ అయిపోయేసరికి మెట్లు బయటపడ్డాయి.

"ఇది మీ ఊళ్ళో ఎన్నాళ్ళనుంచి ఉంది నాయనా?" అని అడిగింది కరుణమ్మ.

"చాలా ఏళ్ళనుంచమ్మా. మీవోళ్ళు ఎప్పుడూ పిలవలేదు. ఫోన్ కొడితే వచ్చేవాణ్ణే గదా," అన్నాడు డ్రైవరు.

ఆమె అక్కడే కూలబడింది. చాలా ఏళ్ళనుంచి. అంటే దావీదు ఉన్నప్పటినుంచి. ఒక్క ఫోన్. ఆమె గట్టిగా, సెంటరంతా వినపడేట్టు ఏడ్చింది. సభకు ఆలస్యమవుతోందని ఎవరో ఆమెను పక్కకు తప్పుకోమన్నారు.

మంత్రిగారు వచ్చారు, మెచ్చుకున్నారు. యంత్రాన్ని చూసి మరీ మెచ్చుకున్నారు. ఆ మెప్పు విన్న చైర్మన్ గారికి పూనకం వచ్చినట్టైంది. "ఇంత సేవ చేసిన యంత్రానికి పతకం లేకపోవడం తుమ్మలకోటకే అవమానం! ఇందుమూలముగా దీనికి గ్రాండ్ క్రాస్ ప్రకటిస్తున్నాను!"

"వద్దయ్యా!" అని కరుణమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. "మీ కాళ్ళు మొక్కుతా, దానికి వెయ్యొద్దయ్యా! దాన్నన్నా పనిచేసుకోనీయండి!"

అసూయ, అన్నారు వేదిక మీది వాళ్ళు. పట్టీ లారీ మూతికి అడ్డంగా కట్టారు, నక్షత్రం ట్యాంకుకు తగిలించారు. సంఖ్యా పరిమితి పక్కన పెట్టి డ్రైవరుకు నైట్ ఇచ్చారు. పక్క ఊరి చైర్మన్‌కు కమాండర్ ఇస్తామంటే ఆయన యంత్రాన్ని సంతోషంగా తుమ్మలకోటకే ఇచ్చేశాడు. దాన్ని కడిగి, దండలేసి, ఆఫీసు ముందు రేకుల షెడ్డులో నిలబెట్టారు. పతకధారి మురికిని తాకరాదు గనక, అది ఇక తాకదు. డ్రైవరు రోజూ వచ్చి దాని పక్కన నిలబడి సాయంత్రం ఇంటికి పోతాడు.

ముసురు ఆగలేదు. నాలుగు రోజులకే పెద్ద గుంట మళ్ళీ పూడుకుపోయింది. పొద్దున్నే భూషయ్య ఇంటిముందు నిలబడి, ఈసారి కళ్ళల్లోకి చూడకుండా పిలిచాడు. "ఏసోబూ."

ఏసోబు తాడు తీసుకుని బయల్దేరాడు. కరుణమ్మ కూడా చీపురు తీసుకుని అతని వెనకే నడిచింది. సెంటర్లో మూత తీసి పెట్టారు. చైర్మన్, కమిషనర్ మెట్లమీద, ఎండిన మెట్టు చూసుకుని నిలబడి ఉన్నారు.

ఆమె గుంట దగ్గర ఆగలేదు. నేరుగా షెడ్డులోకి వెళ్ళింది. చీపురు కింద పడేసి, లారీ మూతిమీది నీలం పట్టీని రెండు చేతులా పట్టి గుంజింది. అది చిరిగి వచ్చింది. ట్యాంకు మీది నక్షత్రాన్ని పీకింది. తన పైట మీది పతకాన్నీ ఊడబెరికింది. పైట చిరిగింది, పట్టించుకోలేదు. అన్నింటినీ ఒక ఉండలా చుట్టి తీసుకొచ్చి మ్యాన్‌హోల్‌లో పడేసింది.

సెంటరంతా నోరు తెరిచింది. చైర్మన్ గారు గుంట వైపు చెయ్యి చాచారు. "గ్రాండ్ క్రాస్... గుంటలో... ఏసోబూ! దిగరా! దిగి తియ్యరా దాన్ని!"

"తుమ్మలకోట ప్రతిష్ఠ అందులో మునిగి ఉంది. తక్షణం అవరోహణ చేయి!" అన్నారు కమిషనర్.

వాళ్ళ గొంతుల్లో అంత ఆదుర్దా దావీదు లోపల ఉండిపోయిన రోజున కూడా వినపడలేదు. ఏసోబు కూడా అది విన్నాడు. నడుముకు సగం చుట్టిన తాడును విప్పి కింద పడేశాడు.

కరుణమ్మ షెడ్డు వైపు తిరిగింది. "నాయనా, నీ బండికి ఇప్పుడు పతకం లేదు. తీసుకురా."

డ్రైవరు చైర్మన్ వైపు చూశాడు. ఆమె చిరిగిన పైట వైపు చూశాడు. తన చొక్కా మీది పతకం తీసి జేబులో వేసుకుని, లారీ ఎక్కి స్టార్ట్ చేశాడు. "పైపు దించకు! పతకం లోపలుంది, పైపు దించకు!" అని చైర్మన్ గారు అరుస్తూనే ఉన్నారు. మిషను మోతలో అది ఎవరికీ వినపడలేదు. పైపు గుటకలు వేసింది. మధ్యలో ఒకచోట ఏదో అడ్డుపడినట్టు దగ్గి, ఒక్క ఊపున లాగేసుకుంది. ట్యాంకు లోపల ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు అయింది.

సాయంత్రానికి కరుణమ్మ చేతికి సస్పెన్షన్ ఆర్డరు వచ్చింది. కారణం: రుమేనియా రాజుగారి పట్ల ద్రోహం. ఆ కాగితం ఇచ్చి భూషయ్య తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆమె దాన్ని పొయ్యి గట్టుమీద పెట్టి అన్నం వడ్డించింది. ఏసోబు పొడి లుంగీతో పీటమీద కూర్చుని, ఇంకొంచెం పెట్టమన్నాడు.